మామ్మ చెవిన పడ్డ వంట

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు హరిత వచ్చింది. ద్వారకా నగర్‌లో ఏదో పరీక్షకు కోచింగ్ తీసుకుంటూ, హాస్టల్ తిండి పడక, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి గది తీసుకుని సొంత వంట మొదలుపెట్టింది. వస్తూ వస్తూ సూపర్ మార్కెట్‌లో కొన్న సరుకంతా సంచీతో తెచ్చి నా భోజనాల బల్ల మీద కుమ్మరించింది. దోసెల పిండి, అల్లం వెల్లుల్లి ముద్ద, చింతపండు గుజ్జు, పొట్టు తీసిన వెల్లుల్లి, అప్పడాలు, చేపల పులుసు మసాలా. "అత్తా, ఇందులో ఏది మంచిదో ఏది కాదో చెప్పీ. నువ్వెలా చెప్తే అలా చేత్తాను" అంది. ఇంత మంచి ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కథలు రాసే మనిషిని కాబట్టి సభల్లో అందరూ కథల గురించే అడుగుతారు. నాకు గట్టి అభిప్రాయాలున్నది పచ్చళ్ల మీదా పొడుల మీదా అని వాళ్లకు తెలియదు.

ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తీర్పు చెప్పాను. దోసెల పిండి కొనుక్కోవచ్చు, సిగ్గు పడక్కర్లేదు. కాకపోతే ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా పెనం మీద పోయకూడదు, చల్లదనం వదిలేదాకా బయట ఉంచాలి. మర్నాటికి పులిసిపోతే పారబోయకుండా గుప్పెడు బియ్యప్పిండి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, అల్లం కలిపి మందంగా కాల్చుకుంటే ఆ పులుపే రుచి. చింతపండు గుజ్జు పులుసును నల్లగా చేస్తుంది. ఎంత తొందరున్నా నిమ్మకాయంత చింతపండు వేడినీళ్లలో పడేసి స్నానానికి వెళ్లిరావచ్చు, ఈలోగా అదే నానుతుంది. అప్పడాలు కొనని వాళ్లు చాదస్తులు. పనసపొట్టు కూడా అంతే. నూనె రాసిన కత్తితో టకటకా కొట్టి ఇచ్చేవాళ్లు బజారులో కూర్చుని ఉండగా ఇంట్లో చేతులకు జిగురు పూసుకోవడం ఎందుకు? పొట్టు తీసిన వెల్లుల్లికి వాసన ముందే పోతుంది, పేరుకే వెల్లుల్లి. ఇక అల్లం వెల్లుల్లి ముద్దను మాత్రం గడప తొక్కనివ్వకూడదు. మూత తీస్తే పాత పచ్చడి జాడీ కడిగిన నీళ్ల వాసన. అది వేస్తే కోడికూరా బంగాళాదుంప కూరా ఒకేలా ఉంటాయి.

చివరికి చేపల పులుసు మసాలా ప్యాకెట్టు మిగిలింది. హరిత దాన్ని తనే పక్కకు నెట్టేసింది. "ఇది పారీమంటావని తెలుసులే. నాన్న ఎప్పుడూ చెప్తాడు కదా, నాన్నమ్మ ఉద్యోగానికెళ్తూ కూడా ప్రతి ఆదివారం రోట్లో మసాలా దంచీదని. రోకలి చప్పుడు వీధి చివరికి వినిపించీదట." నాకు నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ కూడా నవ్వాను. మా తమ్ముడు ఆ దంపుడు నాటికి పుట్టలేదు, ఇంట్లో చెప్పుకునే మాట విని నమ్మాడు. అప్పుడు రోలు దగ్గర నిలబడి రోకలి పట్టుకున్నది నేను. అమ్మ ఇప్పుడు లేదు, మామ్మ ఎప్పుడో వెళ్లిపోయింది. ఉన్నదున్నట్టు చెబితే కోప్పడేవాళ్లెవరూ లేరు. అందుకని హరితకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

అప్పుడు మేం గాజువాకలో వరస ఇళ్లలో ఒక ఇంట్లో ఉండేవాళ్లం. ముందు చిన్న అరుగు, మధ్యలో ఒక గది, వెనక వంటిల్లు, దాని వెనక పెరట్లో రోలు, ఊక పొయ్యి. నాన్న షిప్‌యార్డులో వెల్డరు. ఊళ్లో పొలం పనులు వదిలి వచ్చిన మనిషి. ఇనుముకు ఇనుము అతికించే పనిలో ఎంత ధైర్యమో, ఇంట్లో తన తల్లి ముందు అంత పిరికి. ఆ తల్లే మా మామ్మ. ఆమె కళ్లలో శుక్లాలు ముదిరిపోయాయి. వెలుగూ చీకటీ తెలిసేవి, మనిషి వస్తే నీడలా తెలిసేది, అంతే. ఆపరేషనంటే భయపడి ఒప్పుకోలేదు. తెల్లారింది మొదలు అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని, అక్కణ్నించే వంటిల్లు నడిపేది.

నడిపేది అంటే చెవితోనే. ఎసరు మరిగేముందు గిన్నె సొద పెడుతుందనీ, మరిగాక గొంతు తగ్గిస్తుందనీ, అప్పుడే బియ్యం పోయాలనీ నాకు నేర్పింది ఆమే. గారె నూనెలో పడగానే గోల చేస్తుంది, లోపలి తడి ఆరేకొద్దీ ఆ గోల సన్నబడుతుంది, అప్పుడు తీస్తే లోపల పచ్చి ఉండదు. పోపులో ఆవాలు మొదట ఒకటీ అరా, తరవాత అన్నీ కలిసి, ఆ తరవాత మళ్లీ ఒకటీ అరా చిటపటలాడతాయి. ఆ రెండోసారి ఒకటీ అరా దగ్గర కరివేపాకు పడాలి. చేపల పులుసు పలచగా ఉన్నంతసేపూ హడావిడిగా ఉడుకుతుంది, చిక్కబడితే ఆగి ఆగి, బుడుగు బుడుగుమంటుంది. అప్పుడు గరిటె పెట్టకూడదు. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి దించేయాలి. మామ్మ ఇవన్నీ అరుగు మీదనుంచే చెప్పేది. "ఒలే సత్తీ, సెగ తగ్గించు. వంకాయ ఏడుత్తంది" అంటే అమ్మ పరుగున వెళ్లి చూసేది. నిజంగానే వంకాయ అడుగంటబోతూ ఉండేది. అమ్మ పేరు సత్యవతి. మామ్మ నోట్లో సత్తి.

ఆమె చెవి మా బంధువుల్లో పేరు పడ్డ చెవి. ఒకసారి పెళ్లికి వెళ్లినప్పుడు పందిట్లో కూర్చుని, "దొడ్లో వంటోడు పప్పులో గరిటె ఆపీసేడు, మాడిపోతాది" అందట. వెళ్లి చూస్తే వంటవాడు బీడీ కాలుస్తున్నాడట. ఆ మాట చెప్పి చెప్పి నలుగురిలో నిలబెట్టింది మా పెద్దమామ్మ పైడమ్మ, అంటే తాతయ్య అక్క, నాన్నకు మేనత్త. విజయనగరం దగ్గర పల్లెలో ఉండేది. తాతయ్య పోయాక మా ఇంటి పెద్దరికం ఆమెదే. పెళ్లయినా, ఇల్లు మారినా, ఆవు కొన్నా ఆమె మాట పడాలి. ఆమె ఎదుట మామ్మ కూడా గొంతు పెంచేది కాదు.

అమ్మ పదో తరగతి చదువుకుంది. ఆటోనగర్‌లో నట్లూ బోల్టులూ చేసే ఒక చిన్న వర్క్‌షాపులో, స్టోరులో సామాను ఇచ్చి పుచ్చుకునే పని దొరికింది. ఇంట్లో పెద్ద గొడవే అయింది. పెద్దమామ్మ పనిగట్టుకుని బస్సెక్కి వచ్చి పంచాయితీ పెట్టింది. ఆడది పనికెళ్తే పొయ్యి పాడవుతుందని ఆమె వాదన. చివరికి మామ్మ ఒక మాట మీద ఒప్పించింది. ఇంట్లో వంట ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలి. మసాలా వారం వారం రోట్లో దంచాలి. కొట్లో పొడి గడప తొక్కిందంటే ఆ రోజే పని మానేయాలి. అమ్మ తల ఊపింది. ఆ రోజు ఆమె దేనికైనా తల ఊపేదే.

అమ్మకు ఆ పని ఎంత ఇష్టమో మాటల్లో చెప్పేది కాదు, కానీ నాకు తెలిసేది. సాయంత్రం ఆటోలో దిగి వచ్చేది. చేతులకు గ్రీజు వాసన. సబ్బుతో కడిగినా పోయేది కాదు, ఆమె కూడా గట్టిగా కడిగేది కాదేమోనని ఇప్పుడు అనుమానం. కూరగాయలు తరుగుతూ ఏ బోల్టుకు ఏ నట్టు పడుతుందో నాకు చెప్పేది. మేస్త్రీలు పేరు చెప్పకుండా చేత్తో సైగ చేసి అడిగినా తను సరైన సామాను అందించగలనని చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి. ఆ పని పోతే అమ్మ మామూలుగానే ఉంటుంది, వంట చేస్తుంది, నవ్వుతుంది కూడా. కానీ ఆ మొహం మళ్లీ కనిపించదని నాకు ఆ వయసులోనే బెంగగా ఉండేది.

కొన్నాళ్లు బాగానే సాగింది. శనివారం రాత్రే ధనియాలు, మెంతులు, జీలకర్ర బాగు చేసుకుని, ఆదివారం పొద్దున్నే వేయించి, ఎండుమిర్చితో కలిపి దంచేది. తరవాత వర్క్‌షాపులో ఆదివారాలు కూడా పూటపనికి రమ్మన్నారు. బట్టలుతకాలి, ఇల్లు కడగాలి, వండాలి, దంచాలి. రెండు చేతులతో ఎన్ని పనులని? ఒక శనివారం అమ్మ పమిట చాటున ఒక ప్యాకెట్టు తెచ్చింది. చేపల పులుసు మసాలా. నన్ను పెరట్లోకి పిలిచి, "ఎవులికీ సెప్పకు" అంది. పొడిని మసాలా డబ్బాలో పోసి, ప్యాకెట్టును పొయ్యిలో వేసేసింది.

అక్కడితో అయిపోతే కథే లేదు. మామ్మకు రోకలి చప్పుడు వినిపించాలి కదా. ఖాళీ రోట్లో దంచితే రాయి ఖంగుమంటుంది, మామ్మే కాదు, ఎవరైనా పట్టేస్తారు. పొయ్యి కోసం తెచ్చిన ఊక బస్తా పక్కనే ఉంది. అమ్మ దోసెడు ఊక రోట్లో పోసి నా చేతికి రోకలిచ్చింది. మసాలా వేగిన వాసన రావాలని గుప్పెడు ధనియాలు మూకుట్లో వేయించింది. అమ్మ పనికి వెళ్లిపోయాక నేను ఊక దంచాను. ఆ పొద్దున నాకున్నంత భక్తి ఏ గుళ్లోనూ కలగలేదు. దంచడం అయ్యాక అరుగు మీదికి వెళ్తే మామ్మ నా వైపు తల తిప్పి, "ఏటే గుంటా, మిరపకాయలు దంచేవా, మల్లిపూలు దంచేవా? ఎవులూ తుమ్మలేదేటి?" అంది.

"ఈసారి మిరపకాయలు పాతవి మామ్మా, ఘాటు లేదు" అన్నాను. మామ్మ ఊఁ అని ఊరుకుంది. సాయంత్రం అమ్మకు చెబితే తల పట్టుకుంది. చప్పుడు ఆలోచించాం, వాసన ఆలోచించాం, తుమ్ము సంగతే మరిచిపోయాం. పై వారం నుంచి తుమ్ములు కూడా ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. నేను రోకలి వేస్తూ తుమ్మడం కుదరలేదు, తుమ్మబోతే నవ్వొచ్చేది. దాంతో నాన్నను కూడా కలుపుకోక తప్పలేదు. విషయం విన్నాక ఆయన చాలాసేపు బీడీ వెలిగించకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "మా యమ్మకు తెలిత్తే నన్ను సంపెత్తాది" అన్నాడు. అయినా ఆదివారం పొద్దున్న మధ్య గదిలో నిలబడి, నేను దంచడం మొదలుపెట్టిన కాసేపటికి పెద్దగా తుమ్మాడు. ఆయన తుమ్ము వెల్డింగు చేసినట్టే ఉండేది, మొదలుపెడితే ఆపేవాడు కాదు. ఒకసారి పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి జలుబుకు మిరియాల కషాయం చెప్పింది. ఆయన అది బుద్ధిగా తాగాడు కూడా.

ఇలా ఉండగా ఒక ఆదివారం పెద్దమామ్మ దిగింది. సింహాచలం కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, కొండ దిగి తిన్నగా మా ఇంటికి వచ్చింది. అమ్మకు ఆ రోజు పని లేదు. ముందురోజు సాయంత్రం హార్బరు నుంచి తట్టతో వచ్చే పోలమ్మ దగ్గర మామ్మే వంజరం కొన్నది. వేలితో నొక్కి చూసి, మొప్ప దగ్గర వాసన చూసి, కళ్లున్నవాళ్లు ఎంచలేని చేపను ఎంచింది. అమ్మ రాత్రే పులుసు పెట్టింది. చేపల పులుసు మర్నాటికే రుచి, ముక్క పులుపు పీల్చుకోవాలి. కాబట్టి ఆ మధ్యాహ్నం పళ్లెంలో పడింది మంచి పులుసే. అందులో ఉన్నది మాత్రం ప్యాకెట్టు పొడి.

పెద్దమామ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. రెండో ముద్ద వాసన చూసింది. మామ్మ ఆమె పక్కనే కూర్చుని తింటోంది. నాన్న ఎదురుగా. అమ్మ వడ్డిస్తోంది. "సత్తీ, ఈ మసాలా రోట్లో దంచింది కాదు" అంది పెద్దమామ్మ. "దంచిన పొడి పంటికి తగుల్తాది. ఇది మెత్తగా ఉన్నాది. కొట్లో పొడి." అమ్మ చేతిలో గరిటె పులుసు గిన్నెలో మునిగి అక్కడే ఉండిపోయింది. నాన్న పళ్లెంలో ముల్లు వెతుక్కుంటున్నట్టు వంగిపోయాడు. పెద్దమామ్మ నాన్న వైపు తిరిగి, "ఏరా అల్లుడా, ఆ రోజు ఏటి సెప్పుకున్నాం? రేపట్నించి దాన్ని పనికి పంపకు" అంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు. తేల్చేసిన మాట, అంతే. అమ్మ నా వైపు చూసింది. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు మామ్మ, ముద్ద కలుపుతూనే, తల ఎత్తకుండా, "దంచింది వొదినా" అంది. "నాను ఇన్నాను. అరుగు మీద కూకుని నా సెవుల్తో ఇన్నాను. ప్రతాదివారం దంచుతారు. నీ అల్లుడు తుమ్ములు తుమ్మి తుమ్మి కసాయం కూడా తాగేడు, కావాలంటే పక్కింటామెనడుగు." పెద్దమామ్మ కాసేపు ఆమె మొహం చూసింది. "మరీ మెత్తన ఏటి?" అంది. "గుంట దంచుతంది. సిన్న పిల్ల, బలం లేదు, గంటల తరబడి కొట్టుకుంటాది. మెత్తగా కాక ఏటవుద్ది?" అంది మామ్మ. ఆ చెవి గొప్పతనాన్ని ఊరంతా చాటిన మనిషి ఇప్పుడు ఆ చెవిని కాదనలేకపోయింది. "నీ సెవి కాబట్టి ఊరుకుంతన్నాను" అని ముద్ద కలుపుకుంది. ఆ తరవాత రెండోసారి పులుసు వేయించుకుంది. తోక ముక్క కూడా అడిగింది. మూడు గంటల బస్సుకు నాన్న ఆమెను ఎక్కించి వచ్చాడు.

హరితకు ఇంతవరకు చెప్పాక, "అయితే అప్పటి వంట కన్నా ఇప్పటిదే నయమంటావా?" అని అడిగింది. నిజం చెప్పాలంటే, రోలు మీద బెంగ ఉన్నవాళ్లకు ఒక పూట రోకలి అప్పజెబితే ఆ బెంగ తీరిపోతుంది. మా ఇంటికి మిక్సీ వచ్చిన రోజున అమ్మ దానికి బొట్టు పెట్టింది, నేనైతే దండం పెట్టాను. ప్యాకెట్టు పొడిలో ఉప్పు ఎక్కువ, ధనియాలు తక్కువ ఉంటాయి. దాన్ని తెచ్చిన రోజే గుప్పెడు ధనియాలు, చిటికెడు మెంతులు దోరగా వేయించి పొడి చేసి కలుపుకుంటే చాలు, కూరలో ఉప్పు కాస్త తగ్గించాలి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను. కానీ నా వంటింట్లో ఇప్పుడు పొగ లాగే మిషను రొద, కుక్కరు కూత, హాల్లో టీవీ. ఆవాలు ఎప్పుడు ఆగాయో వినిపించదు, వంగి చూసుకోవాలి. ఫోన్లో చూసి వండే పిల్లలకు ఎన్ని గ్రాములో తెలుస్తుంది, ఎన్ని నిమిషాలో తెలుస్తుంది. నేను వండుతుంటే బయట కూర్చుని వినేవాళ్లు లేరు. ఆ రోజుల్లో అది కాపలా అనుకుని విసుక్కున్నాను. ఇప్పుడు అది లేకపోవడం నాకు వెలితిగానే ఉంది.

పెద్దమామ్మ వెళ్లిన సాయంత్రం అమ్మ చారుకు పోపు పెడుతోంది. నేను పక్కన కొత్తిమీర తుంచుతున్నాను. మామ్మ గోడ పట్టుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ఆమె వంటింట్లోకి రావడం అరుదు. గడప మీద చెయ్యి ఆనించి, "సత్తీ, ఇంక ఊక దంచకండి. రోలు పాడవుద్ది" అంది.

అమ్మ పోపు వదిలేసి, గరిటెతోనే ఆమె వైపు తిరిగింది. "ఎప్పుడు తెలిసింది అత్తా?" అంది.

"మొదటి ఆదివారమే. ఊక సప్పుడు నాకు తెల్దేటి? పుట్టింట్లో వడ్లు దంచి పెరిగినాన్ని."

"మరి తుమ్ము సంగతి నువ్వే కదా అడిగేవు" అన్నాను నేను.

"అడక్కపోతే మీకు తెలిసేదా? వొదిన ఎప్పుడో ఒకప్పుడు వత్తాదని నాకు తెలుసు. అప్పుడూ అలగే తుమ్ముల్లేకుండా దంచితే దొరికిపోరా?"

"మీ వొదినకు అబద్దం ఎందుకు సెప్పేవత్తా? దంచాలని మాట పెట్టింది నువ్వే కదా" అంది అమ్మ.

"నువ్వు ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్లయినాది" అంది మామ్మ. "నాను అరుగు మీద కూకుని నీ గిన్నెల సప్పుడు ఇన్నాను, గాజుల సప్పుడు ఇన్నాను. నీ గొంతు మాత్రం ఎప్పుడూ ఇన్లేదు. ఆ పనికెల్లడం మొదలెట్టినకాడ్నించి వంట సేత్తా కూనిరాగం తీత్తన్నావు. నీకు తెలీదేమో. నాకు ఇనపడతంది. దాన్నెలాగ మానిపించీమంటావు?"

రోజూ అమ్మ పక్కనే ఉన్నాను, ఆ కూనిరాగం నా చెవిన పడలేదు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. మామ్మకు అది కనిపించదు. ఆమె తల కొంచెం పక్కకు వంచి వింది.

"ఆవాలు మాడిపోతన్నాయి" అంది. "ముందు కరేపాకెయ్యి. తరవాత ఏడుద్దువుగాని."